తప్పు జవాబు చెప్పే ఉద్యోగం

మా మూడో తరగతి టీచరమ్మ ఆదివారం తెల్లవారుజామున నంద్యాలలో, తన సొంత ఇంట్లో, సొంత మంచం మీద కన్నుమూశారని పాఠకులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ వార్త నాకు మా తరగతి లీడరు ద్వారా అందింది. లీడరు ఇప్పుడు మనవరాలిని ఎత్తుకుని తిరిగే అవ్వ. అయినా ఆ పదవి నుంచి ఆమెను ఎవరూ తొలగించలేదు గనుక మా లెక్కలో ఇప్పటికీ లీడరే. ఫోనులో ఆమె ఎక్కువ మాట్లాడలేదు. "టీచరు పోయినారంట. రేపు సోమవారం చర్చిలో. నువ్వు రావాల," అంది. సోమవారం అన్న మాట దగ్గర గొంతు కాసేపు ఆగింది. ఎందుకు ఆగిందో మాతో చదివిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. చదవని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డలో మేము చదివిన ప్రాథమిక పాఠశాల రెండు గదులు, ఒక వరండా, ఒక హెడ్మాస్టరుతో కూడినది. పక్కనే రాళ్లు చెక్కే వాళ్ల పాకలు ఉండేవి. మేము ఎక్కాలు వాళ్ల ఉలి దెబ్బలకు అనుగుణంగా చెప్పేవాళ్లం. వాళ్లు బీడీ కోసం ఆగితే పదమూడో ఎక్కం మధ్యలో మేమూ ఆగేవాళ్లం. మా టీచరమ్మది నంద్యాల. ఉద్యోగం టెంపరరీ. సోమవారం పొద్దున మొదటి బస్సుకు ఒక వైరు బుట్ట, ఒక గొడుగుతో దిగేవారు. వారమంతా బడి వెనక సందులో ఒక ముసలమ్మ ఇంట్లో అద్దెకుండేవారు. శనివారం సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు, ఆదివారం చర్చిలో పాడాలి గనుక.

ఈ ఏర్పాటు వల్ల మాకు ప్రతి వారం ఒక గండం ఉండేది. సోమవారం పొద్దున మూడో తరగతి యావత్తూ బడి గోడ మీద హాజరై బస్టాండు దిక్కు చూస్తూ ఉండేది. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, ఎవడో ఒకడు "ఈసారి రారంట" అనేవాడు. ఆ మాటకు ఆధారమేమిటని అడిగిన వాళ్లు లేరు. భయానికి ఆధారం అడిగే అలవాటు మా బడిలో ప్రవేశపెట్టబడలేదు. భయమెందుకంటే, ఆమె రాని పక్షంలో మా తరగతిని హెడ్మాస్టరు స్వయంగా తీసుకునేవారు.

హెడ్మాస్టరు చెడ్డవారు కాదని ముందుగానే నమోదు చేస్తున్నాను. ఆయనకు సరైన జవాబు అంటే ప్రాణం, అంతే. సరికాని జవాబు చెప్పిన వాడిని గోడకుర్చీ వేయించేవారు. వీపు గోడకు ఆనించి, కింద ఏమీ లేకుండా, కుర్చీ ఉన్నట్టుగా కూర్చోవడమే గోడకుర్చీ. రెండో తరగతిలో ఒకసారి నేను జవాబు తప్పు చెప్పి, తొడలు వణికి నేలకూలే దాకా ఆ కుర్చీలో ఆసీనుణ్ణయ్యాను. ఆ రోజు నుంచి బడిలో నోరు తెరవడం మానుకున్నాను. ఇది నిరసన కాదు, ముందుజాగ్రత్త. మూగోడని పేరు వచ్చింది. ఆ పేరుతో నాకు ఇబ్బంది లేకపోయింది, ఎందుకంటే మూగోణ్ణి ఎవరూ ప్రశ్న అడగరు.

టీచరమ్మ మాత్రం అడిగేవారు. వచ్చిన మొదటి వారం నుంచే అడిగేవారు. అడిగి, నేను లేచి నిలబడగానే, అటు తిరిగిపోయేవారు. కిటికీలోంచి చూసేవారు, లేదా బోర్డు తుడిచేవారు. ప్రశ్న అడిగి మొహంలోకి గుడ్లురిమి చూడటం బోధనా పద్ధతిగా చలామణీ అవుతున్న రోజుల్లో ఈమె వీపు చూపించడం మాకు విడ్డూరంగా ఉండేది. ఇది ఒక పద్ధతి అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తప్పు చెప్పే మొహాన్ని ఎవరూ చూడకుండా ఉంటే ఆ తప్పు కొంచెం తేలికవుతుంది. కాసేపు చూసి, నేను పలకకపోతే, ఇటు తిరిగి "కూచోప్పా" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "జవాబును నోట్లోనే పెట్టుకుంటే పాచిపోతాది. రేపన్నా బయటికి తియ్యి."

ఇలా ఉండగా ఒక సోమవారం నాడు, ఆ శనివారమే కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నారని తెలిసింది. మూడో తరగతిలో పిల్లలు తక్కువ ఉన్నారని, దాన్ని రెండో తరగతితో కలిపేసి టీచరమ్మను మిడుతూరు వైపు పంపాలని పైన ఒక ఆలోచన ఉందట. ఇన్‌స్పెక్టరు చూసి బాగుందంటే ఆమె ఉంటారు, లేదంటే పోతారు. పెద్దలు గుసగుసగా చెప్పుకున్న ఈ సంగతి మాకు మధ్యాహ్నం గంట కొట్టక ముందే అందింది. మిడుతూరు ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి అది మా భూగోళంలో అతి భయంకరమైన ప్రదేశం.

హెడ్మాస్టరు పరిస్థితిని సమీక్షించారు. అంతకు ముందటి ఏడాది వేరే తాలూకాలో ఒక బడిలో పిల్లలంతా అన్ని ప్రశ్నలకూ తడుముకోకుండా సరైన జవాబులు చెప్పారట. ఇన్‌స్పెక్టరుకు అనుమానం వచ్చి ప్రశ్నల వరస మార్చి అడిగితే, పిల్లలు పాత వరసలోనే జవాబులు చెప్పారట. అక్కడి అయ్యవారికి మెమో వచ్చింది. కాబట్టి మన తరగతిలో అన్నీ సరిగా ఉండరాదని హెడ్మాస్టరు నిర్ణయించారు. జవాబులన్నింటి మధ్యలో ఒకే ఒక తప్పు జవాబు ఉండాలి. దాన్ని లీడరు వెంటనే లేచి సరిచేయాలి. అప్పుడు తరగతి సహజంగా కనిపిస్తుంది. ప్రశ్న కూడా ఆయనే నిర్ణయించారు. మన జిల్లా ముఖ్యపట్టణం ఏది? సరైన జవాబు కర్నూలు. తప్పు జవాబు నంద్యాల. ఏదో ఒక తప్పు చెబితే చాలదా అని టీచరమ్మ అడిగారు. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. "తప్పైనా సరిగ్గా చెప్పాల టీచరమ్మా," అన్నారు.

ఆ పదవికి మా తరగతిలో ఎవరూ ముందుకు రాలేదు. టీచరమ్మ గది అంతా ఒకసారి చూసి నా పేరు చెప్పారు. మూగోడు ఎట్లా చెప్తాడని లీడరు అడిగింది, అందులో తప్పేమీ లేదు. వెనక బల్ల వాళ్లు, ఇన్నాళ్లకు వీడికి తగిన పని దొరికిందని మెచ్చుకున్నారు. హెడ్మాస్టరు కనుబొమలు ఎత్తారు గానీ కాదనలేదు. తప్పు చెప్పడానికి నాకున్న అర్హతల పట్ల ఆయనకు ఎప్పుడూ అనుమానం లేదు.

సాయంత్రం బడి వదిలాక టీచరమ్మ నన్ను ఆపారు. గొడుగు చంకలో పెట్టుకుని వరండా మెట్టు మీద కూర్చున్నారు. ఆమె చేతులు బుట్ట పిడిని తిప్పుతూనే ఉండటం చూశాను. ఆమెకూ భయంగా ఉందని ఆ చేతులను బట్టి తెలిసింది. పెద్దవాళ్లకు భయం ఉంటుందన్న సంగతి అంతవరకు నా దృష్టికి రాలేదు.

"ఈ వారం నువ్వేం చెప్పినా నిన్ను తిట్టేవాళ్లు లేరప్పా," అన్నారు. "ఇట్లాంటి వారం మళ్ల రాదు. వాడుకో."

మంగళవారం నేను లేచి నిలబడ్డాను, అంతే. బుధవారం పెదవులు కదిపానని, ధ్వని వెలువడలేదని లీడరు ప్రకటించింది. టీచరమ్మ రెండు రోజులూ బోర్డు తుడిచారు. బోర్డు మీద రాసింది ఏమీ లేకపోయినా తుడిచారు. నాకు వచ్చిన చిక్కు ఒకటుంది. సరైన జవాబు నాకు తెలుసు. కర్నూలు అని నాలుక చివరే ఉంది. ఇన్‌స్పెక్టరు ఎదుట భయంలో అదే బయటికి వస్తే ఏమవుతుందన్నది నా దిగులు. నేను కర్నూలు అంటే, లీడరు లేచి దాన్ని సరిచేయడానికి నంద్యాల అంటే, మొత్తం మీద తరగతి తప్పు చెప్పినట్టవుతుంది. టీచరమ్మ మిడుతూరు పోతారు. రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా ఈ వరసనే లెక్క వేసుకునేవాణ్ణి.

అందువల్ల ఇంట్లో అభ్యాసం మొదలుపెట్టాను. ఎద్దుకు గడ్డి వేస్తూ నంద్యాల, నంద్యాల అని చెప్పుకుంటుంటే మా నాయన విన్నాడు. ఏందిరా అది అంటే జిల్లా ముఖ్యపట్టణమని చెప్పాను. ఏర్పాటు బయటపెట్టరాదని హెడ్మాస్టరు ఆజ్ఞ. నాయన గడ్డపారకు ఆనుకుని నన్ను చాలాసేపు చూసి, మా అమ్మతో, "వీణ్ణి బడికి పంపి ఏం లాభమే? కర్నూలని గూడా తెలీదు," అన్నాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే, "టీచరమ్మ చెప్పింటే మార్చినారేమో. నీకు చెప్పి మారుస్తారా?" అంది. ప్రభుత్వ వ్యవహారాల గురించి మా ఇంట్లో అంతకు మించిన చర్చ ఎప్పుడూ జరగలేదు.

గురువారం నంద్యాల అన్నాను. ఏడాదికి పైగా ఆ గదిలో నా గొంతు వినబడలేదు కాబట్టి తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. టీచరమ్మ మాత్రం తిరగలేదు. బోర్డు తుడిచే చెయ్యి మాత్రం ఆగింది. ఆ తర్వాత ఏర్పాటు ప్రకారం లీడరు కర్నూలు అంది, టీచరమ్మ "కరెక్ట్. ఇద్దరూ కూచోండి" అన్నారు. నేను కూర్చున్నాను. కింద బల్ల ఉంది. ఆ సంగతిని చేత్తో తడిమి నిర్ధారించుకున్నాను.

శుక్రవారం నాటికి ఇంకో ప్రమాదం బయటపడింది. నేను ఆ మాటను గట్టిగా, నమ్మకంగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. తరగతిలో సగం మంది దాన్నే నమ్మడం మొదలుపెట్టారు. వెనక బల్ల వాడొకడు, అసలు కర్నూలెట్లా అయితాదని లీడరును నిలదీశాడు. లీడరుకు ఏడుపొచ్చింది. తప్పు చెప్పిన వాడికి ఇంత పేరొచ్చి, దిద్దిన తనకు చివాట్లు రావడం న్యాయం కాదని ఆమె వాదన. ఈ వాదన ఆమె ఇప్పటికీ వదల్లేదు.

శనివారం ఇన్‌స్పెక్టరు వచ్చారు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, జేబులో రెండు పెన్నులు. హెడ్మాస్టరు తలుపు దగ్గర గోడకు ఆనుకుని, గోడకుర్చీకి ఒక్క మెట్టు పైన అన్నట్టు నిలబడ్డారు. మొదటి జవాబులు సవ్యంగా గడిచాయి. నా ప్రశ్న వచ్చింది. ఆమె అడిగి, ఇన్‌స్పెక్టరు ఉన్నారని కూడా చూడకుండా, అలవాటు ప్రకారం కిటికీ వైపు తిరిగిపోయారు. నేను లేచి, "నంద్యాల టీచర్," అన్నాను.

లీడరు లేవబోయింది. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆమెను ఆపారు. ఇది ఏర్పాటులో లేదు.

"నంద్యాలా? ఎందుకు నంద్యాల?" అన్నారు నాతో.

ఎందుకు అన్న ప్రశ్నకు మాకు ఎవరూ తర్ఫీదు ఇవ్వలేదు. ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నవే మా పాఠాల్లో ఉండేవి. పక్క పాకల్లో ఉలి దెబ్బలు, బీడీ వేళేమో, ఆగిపోయాయి. నేను కిటికీ దగ్గర టీచరమ్మ వీపు చూశాను. ఈ వారం నన్ను తిట్టేవాళ్లు లేరన్న మాట జ్ఞాపకం వచ్చింది. వారం ఇంకా ముగియలేదు.

"మాకు జ్వరమొస్తే నంద్యాలకే పోతాం సార్," అన్నాను. "మా పత్తి ఆడికే పోతాది. రైలు గూడా ఆడే ఉండాది. మా టీచరు ఆడినుంచే వస్తారు. కర్నూలు నుంచి మాకు ఎవరూ రారు సార్."

"నేను వచ్చినా కదప్పా."

"మీరు సాయంత్రం పోతారు గద సార్. మా టీచరు సోమవారం మళ్ల వస్తారు."

హెడ్మాస్టరు కళ్లు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు లీడరు వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా ఏది అన్నారు. వారం రోజులుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన లీడరు లేచి, నన్ను చూసి, కిటికీ దగ్గరున్న వీపును చూసి, "నంద్యాలే సార్," అంది. తరువాత ఆయన ఎవరిని అడిగినా అదే జవాబు వచ్చింది. మూడో తరగతి ఆ రోజు జిల్లా ముఖ్యపట్టణాన్ని ఏకగ్రీవంగా మార్చివేసింది.

"టీచరమ్మా, మీరన్నా చెప్పండి," అన్నారు ఇన్‌స్పెక్టరు.

టీచరమ్మ అప్పుడు ఇటు తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ప్రభుత్వం ప్రకారం కర్నూలు సార్," అన్నారు. "మా పిల్లల ప్రకారం నంద్యాల."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పెన్ను తీసి ఏదో రాసుకుని, హెడ్మాస్టరుతో మాట్లాడుతూ బయటికి నడిచారు. టీచరమ్మ వాళ్ల వెనక వెళ్లారు. నన్ను కూర్చోమనడం అందరూ మరిచిపోయారు. గంట కొట్టే దాకా నేను నిలబడే ఉన్నాను. సాయంత్రం ఆమె బుట్ట, గొడుగు తీసుకుని బస్సెక్కడం గోడ మీది నుంచి చూశాము. ఏమైందో మాకు తెలియలేదు. ముసలమ్మ ఇంట్లో సామాను అంతా తీసుకుపోయారా, కొంత ఉంచారా అని వెనక బల్ల వాడు కిటికీలోంచి తొంగిచూసి వచ్చాడు. చీకట్లో ఏమీ కనబడలేదన్నాడు.

ఆ ఆదివారం గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అన్నం తినలేదని మా అమ్మ చెప్పేది. సోమవారం పొద్దున బడి గోడ మీద కాదు, ఏకంగా బస్టాండులోనే మూడో తరగతి హాజరైంది. మొదటి బస్సు వచ్చింది. పాల క్యాన్లు దిగాయి. ఒక మేక దిగింది. కండక్టరు రైట్ అనబోతుంటే లోపలి నుంచి ఆగప్పా అన్న గొంతు వినబడింది. ముందు గొడుగు దిగింది. తరువాత వైరు బుట్ట. తరువాత ఆమె. మమ్మల్నందరినీ అక్కడ చూసి, "బడికి పోకుండా ఈడేం చేస్తాండారు?" అన్నారు. లీడరు బుట్ట అందుకుంది, నేను గొడుగు. మిడుతూరు మళ్లీ మామూలు ఊరు అయిపోయింది.

తరువాత ఆమె ఉద్యోగం పర్మనెంటయింది. మా తరువాత ఎన్నో తరగతులకు వీపు చూపించి, నంద్యాలలోనే రిటైరయ్యారు. నేను పెద్దవాణ్ణయి ప్రభుత్వోద్యోగంలో చేరాను. ఏ ప్రశ్నకు ఏ తప్పు జవాబు ఎప్పుడు చెప్పాలో ముందే నిర్ణయించి ఉంచే చోట నాకు పని కొత్తగా అనిపించలేదు.

జిల్లాలను విడగొట్టి, నంద్యాలను కొత్త జిల్లాకు ముఖ్యపట్టణం చేసి, ఆళ్లగడ్డను అందులో కలిపిన ఏడు నేను ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె చెల్లెలు తలుపు తీసింది. టీచరమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. మనుషులను పోల్చుకోవడం తగ్గిందని చెల్లెలు ముందే చెప్పింది. నేను ఎవరో చెప్పుకున్నాను. ఆమె తలాడించారు గానీ కళ్లలో ఆనవాలు కనబడలేదు. యాడ పని చేస్తాండావప్పా అన్నారు, మర్యాదకు. చెప్పాను. కాఫీ వచ్చింది, తాగాను. ఇక లేచి సెలవు తీసుకుందామని నిలబడ్డాను. నిలబడిన నన్ను చూసి ఆమె మొహంలో ఏదో కదిలింది.

"మన జిల్లా ముఖ్యపట్టణం ఏది?" అన్నారు.

అని, కిటికీ వైపు తిరిగిపోయారు. బయట రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. నా వయసు, నా హోదా, బట్టతల, చేతిలో కాఫీ గ్లాసు, అన్నీ ఎక్కడికో పోయాయి.

"నంద్యాల టీచర్."

ఆమె ఇటు తిరగడానికి కొంచెం సమయం పట్టింది. "కరెక్ట్," అన్నారు. "కూచో."

నేను కూర్చున్నాను. ఆ శనివారం నుంచి నిలబడి ఉన్నవాణ్ణి. మళ్లీ కాఫీ తెమ్మని ఆమె చెల్లెలికి చెప్పారు.

ఈ సోమవారం పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో మొదటి బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక తెల్లవారింది. అన్ని సోమవారాలు ఆమె మా దిక్కుకు వచ్చిన దారిలో నేను సోమవారం పొద్దున ఆమె దిక్కుకు పోవడం అదే మొదటిసారి. చర్చి నిండిపోయింది. లీడరు నాకు పక్కన చోటు ఉంచింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, టీచరమ్మ దగ్గర చదువుకున్న వాళ్లు ఎవరన్నా రెండు మాటలు చెప్పాలన్నారు. లీడరు మోచేత్తో పొడిచింది.

"పో. నువ్వే."

ఏం చెప్పాలన్నాను.

"ఏదో ఒకటి చెప్పు. తప్పయితే నేను దిద్దుతాలే."

లేచి ముందుకు వెళ్లి, ఆమెను పడుకోబెట్టిన పెట్టె పక్కన నిలబడ్డాను. గొంతులోంచి ధ్వని వెలువడలేదు. చర్చిలో ఉన్న అందరూ, చిన్నపిల్లలతో సహా, నా మొహంలోకే చూస్తున్నారు. ఆమె ఒక్కరే చూడటం లేదు. పెట్టెలో ఆమె తల, దిండు సరిగ్గా కుదరకనో ఏమో, కొద్దిగా కిటికీ వైపుకు తిరిగి ఉంది.